ఇంకోపారి అనవ్వా

ఆ యేడు వానలు వెనకబట్టే వేళకు బస్సులు ఆగిపోయాయి. బడులు మూతబడ్డాయి. బొగ్గుబావుల్లో పని నిలిచిపోయి కరెంటు వస్తూ పోతూ ఉండేది. తెలంగాణ కోసం ఊర్లూ పట్నమూ ఒక్కటై సమ్మెకు దిగిన ఆ కాలంలోనే జయలక్ష్మి గారికి మళ్లీ టీవీలో పని దొరికింది.

నేను ఆమె కారు డ్రైవర్ని. నా భార్య సత్తెమ్మ ఆమె ఇంట్లో వంట చేసేది. మణికొండలో ఆమె అపార్ట్‌మెంటు వెనక సందులో కిరాయి గదుల్లో మేముండేవాళ్లం. మాది జనగామ దిక్కు. నేను మాట తక్కువ మనిషిని. మా ఇద్దరి వంతూ సత్తెమ్మే మాట్లాడేది. లేచింది మొదలు పొయ్యితో, చీపురుతో, గోడ మీది పిల్లితో, దేవుడితో, నాతో, అందరితో ఒకే గొంతున మాట్లాడేది.

జయలక్ష్మి గారంటే ఇప్పటివాళ్లకు తెలియకపోవచ్చు. "మేడ మీద మేనత్త" సీరియల్లో పనిమనిషి కొమురమ్మ అంటే మాత్రం ఆ రోజుల్లో తెలియని ఇల్లు లేదు. ఆమె పుట్టింది కృష్ణ అవతల. ఆ వేషానికి మా యాస కావలసి వస్తే సత్తెమ్మ దగ్గరే పట్టింది. సత్తెమ్మ పనిలో చేరిన కొత్తలో ఒకనాడు జయలక్ష్మి గారి అత్తగారు అనసూయమ్మ గారు "అబ్బాయేడే?" అని అడిగింది. సత్తెమ్మ ఊడుస్తూనే "పోయిండు" అన్నది. మా దిక్కు పోయిండంటే ఎటో వెళ్లాడని. వాళ్ల దిక్కు ఆ మాట చావుకే వాడతారు. పెద్దామె గుండె బాదుకుంటూ గడపలోనే కూలబడింది. అదే సీరియల్లోకి ఎక్కింది. "అయ్యగారు పోయిండమ్మా!" అని కొమురమ్మ నడుం మీద చెయ్యి పెట్టి, చివర సాగదీసి అరవడం, ఇంటిల్లిపాదీ ఏడుపు అందుకోవడం. రాష్ట్రమంతా నవ్వింది. సత్తెమ్మ అందరికంటే ఎక్కువ నవ్వింది. "నా మాటే గది, టీవీల నన్నే సూపిస్తున్నరు" అని వాడకట్టంతా చెప్పుకుంది.

ఆ సీరియల్ ముగిసి ఏళ్లు గడిచాయి. అనసూయమ్మ గారు కాలం చేసింది. జయలక్ష్మి గారి భర్త వేరుపడి వెళ్లిపోయాడు. ఫోన్లు తగ్గి, చివరికి మోగడం మానేశాయి. అట్లాంటప్పుడు వచ్చింది "ఆదివారం అంగడి". పాటలు, డ్యాన్సులు, ఆటలు, నడుమ నడుమ నవ్వుల ముక్కలు. అన్నింటినీ కలిపి నడిపించే మనిషి జయలక్ష్మి గారు.

రికార్డింగ్ మియాపూర్ దాటాక ఒక పెద్ద రేకుల షెడ్డులో. మొదటిరోజు నన్ను లోపలికి వచ్చి కూర్చోమంది. చూసేవాళ్లను వ్యాన్లలో తోలుకొచ్చారు. ఎప్పుడు చప్పట్లు కొట్టాలో చెయ్యి ఊపి చూపడానికి ఒక మనిషి నిలబడి ఉన్నాడు. పాత సీరియల్లో ఆమె ఎదుట కెమెరా తప్ప ఎవరూ ఉండేవారు కాదు. నవ్వులు తర్వాత అతికించేవాళ్లు. ఇక్కడ మనుషులున్నారు. ఆమె ఒక మాట అని, నవ్వు కోసం ఆగేది. నవ్వు వచ్చేది కాదు. రాని నవ్వు కోసం ఆగిన మనిషిని చూడటం చాలా కష్టం. ఆమె చేతిలో మైకు వణుకుతుంటే, ఆ వణుకు చప్పుడు కూడా షెడ్డంతా వినబడింది.

తిరిగి వస్తుంటే కారులో అడిగింది.

"నవ్వారా ఐలయ్యా?"

"ఎనక కూసున్న గదమ్మా. సరిగ కనబడలే."

"నవ్వు కనపడక్కర్లేదయ్యా. వినపడితే చాలు."

నేను గేరు మీద చెయ్యి వేశాను.

"మార్చబోకు. సరైన గేర్లోనే ఉన్నావు" అంది. తర్వాత అద్దంలో నా కళ్లు వెతుక్కుని, "ఇది పోతే ఇక నన్నెవరూ పిలవరు ఐలయ్యా. ఈ వయసులో మళ్లీ మళ్లీ పిలవరు" అంది.

డైరెక్టరు గిరీష్‌ది కడప. మంచివాడే. తిండి దగ్గర మొహమాటం లేదు, మాట దగ్గర అసలే లేదు. రెండో వారం కూడా అంతే అయ్యాక ఇంటికి వచ్చి, సత్తెమ్మ ఇచ్చిన ఉప్మా తింటూ తేల్చి చెప్పాడు.

"మ్యాడమ్, జనాలకు జయలక్ష్మి గుర్తు లేదు. కొమురమ్మ గుర్తుంది. వచ్చేవారం కొమురమ్మ రావాల. లేకుంటే చానల్ వాళ్లు వేరే ఆమెను చూసుకుంటాండారు."

"ఈ రోజుల్లోనా గిరీష్? ఊరంతా అట్టుడుకుతుంటే ఆ యాస పెట్టుకుని ఎగతాళి చేస్తే బతకనిస్తారా నన్ను?"

"ఎగతాళి యాడ చేస్తాండాం? ప్రేమగా చేస్తాం." అతను ప్లేటు పక్కన పెట్టి సత్తెమ్మ దిక్కు చూశాడు. "ఈమెను పక్కన నిలబెడదాం. అసలు కొమురమ్మ ఈమే అని చెప్దాం. తెలంగాణ ఆడమనిషే పక్కన నిలబడి నవ్వుతా ఉంటే ఇంగ అడిగేదెవరు?"

సత్తెమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంది. "నేనా? టీవీలనా? నాకేమొస్తది సారూ?"

"ఏమీ రానక్కర్లే. రోజూ మాట్లాడేదే మాట్లాడు."

"గంతేనా? గది ఊకెనే మాట్లాడుత."

జయలక్ష్మి గారు మొదట ఆమెను, తర్వాత నన్ను చూసింది. "నీకేమైనా అభ్యంతరమా ఐలయ్యా?"

"ఆమె ఇష్టం" అన్నాను.

ఇంటికి వచ్చాక అడిగాను, ఎందుకు ఒప్పుకున్నావని.

"అమ్మ మొఖం సూడలేదా నువ్వు? బుక్కెడు తింటలేదు. మనిషి సగమైంది. నాలుగు ముచ్చట్లు సెప్తే నాదేం పోతది?"

"నిన్ను సూసి నవ్వుతరు."

"నవ్వెతందుకే గదనయ్యా అది. ఏడ్సెతందుకా?"

టీవీలో కొమురమ్మను చూసి నవ్వడం వేరు. తాను నిలబడి ఉండగా తనను చూసి నవ్వడం వేరు. ఆ తేడా నాకు తెలుస్తోంది కానీ నోటికి రాలేదు. సత్తెమ్మ ఎట్లా మాట్లాడుతుందో తనకు తెలియదు. తెలియకపోవడం వల్లనే అంత బాగా మాట్లాడేది. అది ఒకసారి తెలిసిపోతే ఏమవుతుందో అని నా భయం.

ఆ భయం చాలదన్నట్టు నా తమ్ముని కొడుకు రాజేందర్ వచ్చాడు. వాడు కొండాపూర్‌లో ఒక అద్దాల బిల్డింగుకు సెక్యూరిటీ. డ్యూటీ దిగితే జెండా పట్టుకునేవాడు.

"పెద్దనాయినా, ఆమె మల్ల గా ఏషం గడుతున్నదంట గదా? మావోళ్లకు ఎర్కయింది. ఊకోరు. పెద్దవ్వను పోనియ్యకు."

"మీవోళ్లంటే ఎవల్రా?"

"ఎవలేంది? మనోళ్లే."

పరాయివాళ్లని చెప్పి ఉంటే నాకంత భయమయ్యేది కాదు.

ఆ రోజు మేకప్‌వాళ్లు సమ్మెలో ఉన్నారని జయలక్ష్మి గారు ఇంట్లోనే వేషం కట్టుకుంది. రూపాయంత బొట్టు, పెద్ద ముక్కుపుల్ల, కాళ్లకు కడియాలు, గోచి పోసి కట్టిన చీర. పక్కన సత్తెమ్మ బతుకమ్మకు కొనుక్కున్న పచ్చ చీర కట్టుకుని, నూనె పెట్టి తల దువ్వుకుని, పెళ్లికి పోతున్నట్టు కూర్చుంది. కడియాలు చూసి ఒకటే నవ్వింది. "మా అత్త కూడ గిన్ని పెట్టుకోలేదమ్మా, నడుస్తవా గవి ఏసుకొని?" జయలక్ష్మి గారు నవ్వలేదు. లిప్‌స్టిక్ లేని పెదవులను మాటిమాటికీ తడుపుకుంటోంది.

గచ్చిబౌలి దాటేదాకా రోడ్లు ఖాళీ. కొత్తగూడ చౌరస్తా దగ్గర ఆగిపోవాల్సి వచ్చింది. రోడ్డుకు అడ్డంగా సమ్మెవాళ్లు వంటావార్పు పెట్టారు. ఇటుకల పొయ్యిలు, వాటి మీద గుండిగలు. ఆడవాళ్లు డివైడరు మీద వరసగా కూర్చుని టమాటలు కోస్తున్నారు. డప్పులు మోగుతున్నాయి. రెండు పక్కలా అద్దాల బిల్డింగుల్లోంచి ఉద్యోగాలవాళ్లు కిందికి చూస్తున్నారు. నేను కారు వెనక్కి తిప్పుదామని చూసేలోపు వెనక బైకులు చేరాయి.

జయలక్ష్మి గారు సీటు మీద ఒరిగిపోయింది. సత్తెమ్మ తన కొంగు ఆమె మీద కప్పింది. కొంగు కడియాలదాకా రాలేదు. ఒక పిలగాడు అద్దానికి చేతులు అడ్డం పెట్టుకుని లోపలికి చూశాడు.

"అరె! కొమురమ్మరా!"

"ఏ కొమురమ్మ?"

"టీవీల గదరా! అయ్యగారు పోయిండమ్మా!"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. నాకు కొంచెం ఊపిరి ఆడింది. అంతలో మెడలో కండువా వేసుకున్న ఒక పెద్దమనిషి జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. ఆయన నవ్వలేదు. వంగి ఆమె బొట్టునూ కడియాలనూ నిదానంగా చూశాడు.

"ఎవల ఏషమమ్మా గది? మా అవ్వ ఏషం గట్టుకొని ఎటు బయలెల్లినవ్?"

"షూటింగుకండి" అంది ఆమె. ఆ "అండి" విన్నాక వెనకాల గొణుగుడు మొదలైంది.

"అద్దం దించు. జై తెలంగాణ అను."

"అంటానండి. తప్పకుండా అంటాను."

అద్దం దించింది. తల బయట పెట్టింది. ఆమె నిజంగానే అనాలనుకుంది. నేను పక్క అద్దంలో ఆమె కళ్లు చూశాను కాబట్టి చెబుతున్నాను. కానీ మా మాట అనాలంటే ఆమెకు ఒక్క గొంతే తెలుసు. భయంలో ఆ గొంతే వచ్చింది. "జై తెలంగాణా!" అని చివర సాగి, పైకి లేచి, కొమురమ్మ అరుపై బయటపడింది. కూర్చున్న చోటే చెయ్యి నడుం మీదికి పోయింది.

డప్పు ఆగింది.

"ఎక్కిరిస్తున్నదిరా!" అని ఎవరో అన్నారు.

"లేదండి, లేదండి, గట్ల గాదండి" అని ఆమె ఆ రెండు భాషలనూ కలిపేసింది. అది ఇంకా పాడైంది. ఒక అరచెయ్యి దబ్బున బానెట్ మీద పడింది. ఇంకో చెయ్యి నా కిటికీలోంచి లోపలికి వచ్చి తాళంచెవి పట్టుకుంది. దాన్ని తిప్పలేదు, లాగలేదు, ఊరికే పట్టుకుని ఉంది. ఆ చేతి మీద వెంట్రుకలు కూడా నాకు ఇప్పటికీ గుర్తే.

అవతలి వైపు డోరు తెరుచుకుంది. సత్తెమ్మ దిగింది.

"జర జరుగుండ్రి కొడుకా" అని దారి చేసుకుంది. ముక్కు ఎగబీల్చి, పొయ్యిల దిక్కు చెయ్యి చాపింది. "అన్నం మాడుతున్నది, మీకు వాసనొస్తలేదా? గంత గుండిగ పొయ్యి మీద వెట్టి, అందరచ్చి కారు మీద వడితే గంజెవడు వంచుతడు, మీ అయ్యనా?"

ఒక్క క్షణం సత్తెమ్మ మాట మాటగానే చెల్లింది. తలలు పొయ్యి దిక్కు తిరిగాయి.

"అరె, అచ్చం కొమురమ్మ లెక్కనే అన్నదిరా!" అన్నాడు ఆ అద్దంలోంచి చూసిన పిలగాడు.

నవ్వు గుప్పుమంది. కండువా పెద్దమనిషి కూడా మీసం కింద నవ్వాడు. "మీ అయ్యనా!" అని ఒకరు, "మీ అయ్యనా!" అని ఇంకొకరు. ఫోన్లు లేచాయి.

"ఇంకోపారి అనవ్వా!"

"ఏంది?" అన్నది సత్తెమ్మ.

"గదే, గంజి ముచ్చట. ఇందాక ఫోన్ల ఎక్కలేదు. ఇంకోపారి అను."

ఆమె వాళ్ల మొహాలు ఒక్కొక్కటిగా చూసింది. ఎవరి మొహంలోనూ కోపం లేదు. ఆమెకు కొడుకుల ఈడు మొహాలు. ఇష్టంగానే అడుగుతున్నారు. తర్వాత కారులోకి చూసింది, తాళంచెవి మీది చెయ్యిని చూసింది. నన్ను చూసింది.

అన్నది. మొదటిసారి అన్న మాటలే. రెండోసారి చివర కొంచెం సాగింది, పైకి లేచింది. చెయ్యి నడుం మీదికి పోయింది. ఆ గొంతు నేను టీవీలో విన్నాను.

చప్పట్లు కొట్టారు. తాళంచెవి మీది చెయ్యి నా భుజం తట్టి బయటికి పోయింది. "పోనియ్యి కాకా, పోనియ్యి." బైకులు పక్కకు జరిగాయి. కారు కదులుతుంటే మాడు వాసన నిజంగానే ముక్కుకు కొట్టింది. పొయ్యి దగ్గరికి ఎవరూ పోలేదు.

మదీనాగూడ వచ్చేదాకా జయలక్ష్మి గారు ఏడ్చింది. తర్వాత ఏడుస్తూనే నవ్వడం మొదలుపెట్టింది.

"నా ప్రాణం కాపాడావే సత్తెమ్మా! 'మీ అయ్యనా' అన్నావు చూడు, అబ్బ, ఆ ఒక్క ముక్క చాలే! ఇవాళ స్టేజీ మీద కూడా అలాగే అనెయ్, నువ్వింకేం చెయ్యక్కర్లేదు."

సత్తెమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంది.

షెడ్డు దగ్గర దిగమంటే దిగలేదు. "నేను రానమ్మా. నాకు సాతనైతలేదు" అంది. గిరీష్ వచ్చి బతిమాలాడు. "అమ్మా, నీ మీదనే కట్టినాం కదా ఎపిసోడంతా" అన్నాడు. ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. జయలక్ష్మి గారు ఒక్కతే కడియాల చప్పుడు చేసుకుంటూ లోపలికి పోయింది.

"నువ్వు పో. ఒక్కతే ఉన్నది" అంది నాతో సత్తెమ్మ.

లైట్ల కింద జయలక్ష్మి గారు చాలాసేపు ఏమీ అనకుండా నిలబడింది. చప్పట్ల మనిషి చెయ్యి ఎత్తి, దించేశాడు. అప్పుడామె కొమురమ్మ గొంతుతో కాకుండా తన సొంత గొంతుతో అంది. "ఇందాక దారిలో నన్ను చంపబోయారండి."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె చెప్పుకుంటూ పోయింది. సీటు మీద పడుకోవడం, కొంగు కడియాలదాకా రాకపోవడం, జై తెలంగాణ అనబోతే ఏం గొంతు వచ్చిందో, అన్నీ తన మీదనే వేసుకుని చెప్పింది. షెడ్డు నవ్వింది. చెయ్యి ఊపకుండానే నవ్వింది. ఆమె మొహంలోకి రక్తం రావడం దూరం నుంచి కూడా కనబడింది. నాకు కూడా నవ్వొచ్చింది. గండం గడిచిందనుకున్నాను.

"అప్పుడు మా సత్తెమ్మ దిగిందండి" అంది.

నా చెయ్యి ముందు కుర్చీని పట్టుకుంది. ఆమె కొంచెం పక్కకు జరిగి, ముక్కు ఎగబీల్చి, చెయ్యి చాపింది. "అన్నం మాడుతున్నది..." ఒక్క అక్షరం పొల్లు పోలేదు. నడక కూడా సత్తెమ్మదే. రేకులు అదిరిపోయాయి. నా పక్కన ఏదో బస్తీ నుంచి తెచ్చిన ముసలామె కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, "మంచిగన్నదే!" అని నా తొడ మీద చరిచింది. నేను లేచి బయటికి వచ్చేశాను.

"నవ్విన్రా?" అని అడిగింది సత్తెమ్మ.

"నవ్విన్రు."

"దేనికి?"

నేను బండి అద్దం తుడవసాగాను. ఆమె మళ్లీ అడగలేదు.

ఆ ఆదివారం నుంచి "ఆదివారం అంగడి" లేచి నిలబడింది. కొత్తగూడ చౌరస్తా ముక్కను మళ్లీ మళ్లీ వేశారు. జయలక్ష్మి గారి ఫోన్ మోగడం మొదలైంది. అదే సమయానికి చౌరస్తాలో తీసిన సత్తెమ్మ వీడియో ఫోను నుంచి ఫోనుకు పాకింది. కూరగాయల బండివాడు, లిఫ్టులో పిల్లలు, చివరికి గుడి దగ్గర చెప్పులు చూసుకునే ముసలాయన కూడా "మీ అయ్యనా!" అనేవాళ్లు. ఎవరూ చెడుగా అనలేదు. చెడుగా అంటే తిట్టి ఊరుకునేది.

రాజేందర్ ఎగురుకుంటూ వచ్చాడు. "పెద్దవ్వా! మా బిల్డింగుల అందరి ఫోన్ల నువ్వే! సాఫ్టువేరోళ్లు గూడ సూస్తున్నరు. ఏదీ, నా ముంగట ఓపారి..."

"కూర్చో నాయనా. టీ తాగుతావా?" అంది సత్తెమ్మ.

వాడు పరాచికమనుకుని పడీ పడీ నవ్వాడు. ఆ వంటింట్లో ఇన్నేళ్లు ఉండి జయలక్ష్మి గారు మా మాట పట్టినట్టే, సత్తెమ్మ కూడా ఆమె మాట పట్టి ఉంచుకుంది. ఇన్నాళ్లూ దానితో పని పడలేదు.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో అదే మాట. "భోజనం వడ్డించమంటారాండీ?" "అలాగేనండి." మొదటిరోజు జయలక్ష్మి గారు నవ్వింది. "ఏంటే, నన్ను వెక్కిరిస్తున్నావా?" రెండోరోజు నవ్వలేదు. తర్వాత రోజూ వంటింటి గోడకు ఆనుకుని నిలబడి కదిలించేది.

"ఊళ్లో సంగతులేంటే?"

"ఏమీ లేవండి."

"మీ చెల్లెలితో కొట్లాట తీరిందా?"

"తీరిందండి."

ఒకరోజు జయలక్ష్మి గారు కావాలనే పప్పులో గుప్పెడు ఉప్పు వేసింది. నేను బల్ల దగ్గర కారు తాళాల కోసం నిలబడి చూస్తూనే ఉన్నాను. "పప్పంతా పాడు చేశానే. తిట్టవా నన్ను?" అంది చిన్నపిల్లలాగా. సత్తెమ్మ గిన్నె తీసి పక్కన పెట్టింది. "పర్వాలేదండి. మళ్లీ చేస్తానండి."

జయలక్ష్మి గారు భయంగా నా దిక్కు చూసింది. వంటింటి మాటలు ఆగిపోయాక స్టేజీ మీద చెప్పడానికి ఆమె దగ్గర చౌరస్తా ముక్క తప్ప ఏమీ మిగల్లేదు. దాన్నే అటు తిప్పి ఇటు తిప్పి చెప్పింది. వారం వారం నవ్వు పలచబడింది. చప్పట్ల మనిషికి మళ్లీ పని పడింది. కారులో ఆమె ఇప్పుడు ఏమీ అడగడం లేదు.

నా భయం వేరే. ఇంటికి వచ్చాక కూడా సత్తెమ్మ మాట్లాడటం లేదు. పొయ్యితో లేదు, పిల్లితో లేదు. ఆ నిశ్శబ్దం నేను పడలేకపోయాను. ఎన్నడూ లేనిది నేనే మాట్లాడటం మొదలుపెట్టాను. ట్రాఫిక్ గురించి, డీజిల్ గురించి, పైన మబ్బు గురించి. నాకు ముచ్చట చెప్పడం రాదు. సగంలో ఆగిపోతాను. అయినా వదల్లేదు. ఒక సాయంత్రం మెకానిక్ గురించి ఏదో చెబుతుంటే, ఆమె బియ్యం ఏరుతూ తల ఎత్తింది.

"తలుపు పెట్టినవా?"

"పెట్టిన."

"కిటికి?"

లేచి కిటికీ పెట్టి వచ్చాను.

"గా మెకానిక్కు నోట్లె మన్నువడ, వాడు మొన్న గూడ గిట్లనే జేసె గదనయ్యా" అని మొదలుపెట్టింది. గుసగుసగా. నాకు దుఃఖం పొంగుకొచ్చి ఆమె మొహం చూడలేదు.

అప్పటి నుంచి రోజూ అంతే. బయట సమ్మె ముగిసింది. బస్సులు హారన్లు కొట్టుకుంటూ తిరుగుతున్నాయి. మేము వెలుతురుండగానే తలుపూ కిటికీ మూసుకుని, దొంగసొత్తు పంచుకుంటున్నట్టు, మా మాట మేము మాట్లాడుకునేవాళ్లం. నవ్వొస్తే సత్తెమ్మ కొంగు నోట్లో కుక్కుకునేది.

చలి మొదలయ్యాక ఒక సాయంత్రం, తన చిన్ననాడు వాళ్ల మేక సర్పంచి ఇంట్లో పెళ్లిపందిట్లోకి చొరబడిన సంగతి చెబుతోంది. మేక తలంబ్రాల పళ్లెం దాకా వచ్చింది. తలుపు చప్పుడైంది. సత్తెమ్మ నోరు ఠక్కున మూతబడింది.

తీశాను. జయలక్ష్మి గారు. నేత చీర కట్టుకుని, మొహానికి ఏమీ రాసుకోకుండా నిలబడి ఉంది. మా సందులోకి ఆమె రావడం అదే మొదలు.

"వచ్చే ఆదివారంతో ఆపేస్తున్నారు ఐలయ్యా."

"ఫోన్ చేస్తే నేనే వస్తుంటిగదమ్మా."

"చెయ్యొచ్చు." ఆమె నన్ను దాటి లోపలికి చూస్తోంది. "వచ్చి కాసేపైంది. తలుపు కొట్టబుద్ధి కాలేదు."

మా తలుపు పలచటి చెక్క. ఆమె విన్నది. సత్తెమ్మ మొహం తెల్లబోయింది. ఇంట్లో దాచుకున్నది కూడా చేజారిపోయిన మనిషిలా చాప అంచు పట్టుకుని కూర్చుంది.

"మేక ఏమైందే?" అని అడిగింది జయలక్ష్మి గారు.

"ఏమీ కాలేదండి."

"సత్తెమ్మా, నాకిప్పుడు ప్రోగ్రాం లేదే. చెప్పుకోవడానికి చోటే లేదు." ఆమె గొంతు వణికింది. స్టేజీ మీద మైకు వణికినట్టు కాదు. "ఊరికే విందామని."

సత్తెమ్మ చాప అంచు వదిలింది. "తలుపు పెట్టు" అంది నాతో.

గడపలో నిలబడ్డ మనిషిని బయట ఉంచి పెట్టాలా, లోపల ఉంచి పెట్టాలా నాకు తెలియలేదు. జయలక్ష్మి గారికీ తెలియలేదు. నా చెయ్యి తలుపు మీదే ఉంది. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"గా ఫోను ఆడ వెట్టి రా అమ్మా" అంది సత్తెమ్మ.

ఆమె చెప్పులు విడిచి, ఫోను వాటి పక్కన మెట్టు మీద పెట్టి, చాప చివర వచ్చి కూర్చుంది. నేను తలుపు పెట్టాను. పెట్టానో లేదో బయట ఫోను మోగింది. జయలక్ష్మి గారు కదల్లేదు. మోగీ మోగీ ఆగింది. సత్తెమ్మ ఇంకా కాసేపు చెవి ఒగ్గి విన్నది.

"ఇగ ఆ మేక" అన్నది, మెల్లగా.